పాత మిలిటరీ పిస్టల్: అసలుదో కాదో, ఎంత పెట్టవచ్చో ఎలా చూడాలి

పాత మిలిటరీ పిస్టళ్లు కొనేవాళ్లు పూర్తి నకిలీల వల్ల మోసపోవడం తక్కువ. తుపాకీ అసలుదే ఉంటుంది. దానికి మళ్లీ పాలిష్ పట్టి, బ్లూయింగ్ (ఉక్కు మీద తుప్పు పట్టకుండా వేసే నీలి-నలుపు పూత) చేసి, వేరే తుపాకీ నుంచి తెచ్చిన భాగం మీద నంబరు మార్చి కొట్టి, మామూలు దాన్ని అరుదైనదిగా అమ్ముతారు. అందుకే అమ్మేవాడి కథ తర్వాత వినొచ్చు, ముందు ఇనుమును చూడండి.

చేతిలోకి రాగానే మ్యాగజైన్ (తూటాల అర) తీసేసి, స్లైడ్ (పైన వెనక్కీ ముందుకీ జరిగే భాగం; లూగర్‌లో దాని బదులు టాగుల్ అనే మడత కీలు) వెనక్కి లాగి, చాంబర్ (తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందో లేదో కంటితోనూ వేలితోనూ చూడండి. లైసెన్సు సంగతి బేరానికి ముందే తేల్చుకోండి. కాల్చడానికి వీల్లేకుండా చేసిన తుపాకీ అయితే దాని ధర లెక్కే వేరు.

పైన ఉన్న నూనెను మెత్తటి గుడ్డతో తుడవాలి, ఎందుకంటే నూనె కింద తుప్పు గుంటలు కనపడవు. తర్వాత టార్చిని ఏటవాలుగా పట్టి, 10 రెట్ల భూతద్దంతో చూడాలి. మళ్లీ పాలిష్ పట్టిన తుపాకీ మూడు చోట్ల దొరికిపోతుంది. స్క్రూ రంధ్రాల అంచులు గిన్నెలా లోపలికి వంగి ఉంటాయి. పదునుగా ఉండాల్సిన మూలలు గుండ్రంగా అరిగి ఉంటాయి. తుప్పు గుంటల అడుగున కూడా తాజా నల్లరంగు ఉంటుంది. గుంట ముందు పడి, రంగు తర్వాత ఎక్కితేనే అలా అవుతుంది.

ఇక ముద్రలు. స్టాంపు దెబ్బకి లోహం పక్కకి జరిగి, అంకె అంచున సన్నటి గట్టులా లేస్తుంది. గోటితో మెల్లగా గీస్తే తగులుతుంది. పాలిష్ చక్రం ఆ గట్టును తినేస్తుంది, అంకె పలచబడుతుంది. అయితే కంపెనీ పేరు లాంటివాటిని కొన్నిసార్లు ఫ్యాక్టరీలోనే ముద్రించాక నునుపు చేసేవారు. కాబట్టి ఒక్క ముద్రను చూసి తీర్పు చెప్పకుండా, అదే ఏడాది, అదే ఫ్యాక్టరీ తుపాకీ ఫొటోలు పక్కన పెట్టుకుని పోల్చండి.

నంబర్ల పరీక్షకి జర్మన్ లూగర్ పి08ని మించింది లేదు. సైన్యం కోసం చేసిన వాటిలో నాలుగంకెల వరకు నంబరు, దాని కింద చాలావాటికి ఒక చిన్న అక్షరం ఉంటుంది. ఏటా నంబర్లు మళ్లీ మొదటి నుంచి మొదలయ్యేవి కాబట్టి అక్షరం, సంవత్సరం కలిస్తేనే ఆ తుపాకీ ఏదో తేలుతుంది. పూర్తి నంబరు ఫ్రేమ్ (పిడి ఉండే చట్రం) మీద, బ్యారెల్ (గొట్టం) అడుగున చూడాలి. సైడ్‌ప్లేట్, టాగుల్ ముక్కలు, ఎక్స్‌ట్రాక్టర్ (కాల్చిన తూటా తొడుగును బయటికి లాగే కొక్కెం), ట్రిగ్గర్, సేఫ్టీ లివర్ లాంటి చిన్న భాగాల మీద చివరి రెండంకెలు ఉంటాయి. చెక్క గ్రిప్పుల లోపలి వైపు కూడా చూడండి. బ్యారెల్, దాన్ని బిగించే రిసీవర్ కలిసే చోట రెండింటినీ దాటుతూ ఒకే గీత కొట్టి ఉంటుంది. ఆ గీత రెండు ముక్కలుగా పక్కకి తప్పిందంటే బ్యారెల్ విప్పినట్టే. మామూలు లూగర్‌కి 200 మిల్లీమీటర్ల బ్యారెల్ బిగించి ఆర్టిలరీ మోడల్‌గా (పొడవు గొట్టం ఉన్న రకంగా) అమ్మజూపినప్పుడు ఈ గీతే మొదటి సాక్షి.

లూగర్లు చేసిన మౌజర్ ఫ్యాక్టరీ 1937లో బ్లూయింగ్ పద్ధతి మార్చింది. అంతకుముందు చేసిన వాటిలో ట్రిగ్గర్, సేఫ్టీ లివర్ ఎండుగడ్డి రంగులో ఉంటాయి. ఆ రంగు వేలు తగిలే చోట వెలిసిపోతుంది. అంతటా ఒకేలా నారింజ మెరుపు కనిపిస్తే కొత్తగా వేసిందే.

జర్మన్ల మరో పిస్టల్ వాల్తర్ పి38 కొంత తేలిక. స్లైడ్, ఫ్రేమ్, బ్యారెల్ మూడింటి మీదా అదే నంబరు, అదే అక్షరం ఉండాలి. తయారీదారుని ఇంగ్లిష్ అక్షరాల కోడ్ చెబుతుంది: ఏసీ అంటే వాల్తర్, బీవైఎఫ్ అంటే మౌజర్, సీవైక్యూ అంటే స్ప్రీవెర్క్. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో స్ప్రీవెర్క్ వారి స్టాంపులో వై అక్షరం తోక విరిగి, కోడ్ సీవీక్యూలా పడేది. అది అరుదైన రకమంటూ అదనంగా అడిగితే ఇవ్వకండి. ఎక్స్ గుర్తు, మందమైన నల్లటి బ్లూయింగ్, ఎలక్ట్రిక్ పెన్సిల్‌తో గీసిన నంబర్లు కనిపిస్తే అది సోవియట్లు స్వాధీనం చేసుకుని బాగుచేసిన తుపాకీ. దానికీ చరిత్ర ఉంది, కానీ ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉన్నదాని ధర దానికి రాదు.

ఇదే కొలత అమెరికన్ 1911ఏ1కి పెడితే తప్పులో కాలేసినట్టే. దాని సీరియల్ నంబరు ఫ్రేమ్ మీదే ఉంటుంది, స్లైడ్ మీద సాధారణంగా ఉండదు. ఇక్కడ చూడాల్సింది ఫ్రేమ్ నంబరు ఏ కంపెనీకి కేటాయించిన వరుసలో ఉంది, స్లైడ్, బ్యారెల్, చిన్న భాగాలు ఆ కాలానివేనా అని. ఎఫ్‌జేఏ అనే ఇన్‌స్పెక్టర్ పొడి అక్షరాలు రెమింగ్టన్ ర్యాండ్ మీదా ఇథాకా మీదా ఉంటాయి కాబట్టి వాటి ఒక్కదానితో కంపెనీ తేలదు. సింగర్ కంపెనీ చేసినవి 500 మాత్రమే, ఎస్800001 నుంచి ఎస్800500 వరకు. ఆ పేరుకున్న ధర వల్లే సింగర్ స్లైడ్లకి నకిలీలు వచ్చాయి. స్లైడ్ మీద పేరు చూసి కాదు, ఫ్రేమ్ నంబరు చూసి మాట్లాడండి. ఆర్‌ఐఏ, ఏఏ లాంటి గుర్తులుంటే సైన్యపు ఆయుధ కర్మాగారంలో మరమ్మతు జరిగిందని అర్థం.

జపాన్ టైప్ 14 నంబూ మీద కుడివైపు తేదీ షోవా లెక్కలో (జపాన్ చక్రవర్తి పాలన ఏళ్ల లెక్కలో) ఉంటుంది. 18.6 అని ఉంటే 18కి 1925 కలపండి, అది 1943 జూన్.

ఎస్ఎస్ (నాజీల సాయుధ దళం) గుర్తులు, పుర్రె బొమ్మలు, అధికారి పేరు చెక్కినవి కనిపిస్తే నాలుగింతలు జాగ్రత్త. చెక్కడం తేలిక, దానికి పలికే ధర ఎక్కువ. యుద్ధం నుంచి ఇంటికి తెచ్చుకోవడానికి సైనికుడికిచ్చిన అనుమతి కాగితం ఉంటే విలువ పెరుగుతుంది, అయితే అందులో ఇదే సీరియల్ నంబరు ఉంటేనే. నంబరు లేని కాగితం ఏ తుపాకీతోనైనా జత కడుతుంది.

ధరకి వేలంలో నిజంగా అమ్ముడైన రేట్లు చూడండి. అడిగిన రేట్లు పనికిరావు. కొనుగోలుదారు మీద పడే కమిషన్ కలిపి లెక్కేయండి. అన్ని నంబర్లూ కలిసి, ఫ్యాక్టరీ రంగు నిలిచి, జత మ్యాగజైన్లు కూడా ఉన్నవి పై మెట్టు. లూగర్‌తో వచ్చిన రెండో మ్యాగజైన్ మీద నంబరుతో పాటు కూడిక గుర్తు కూడా కొట్టేవారు. ఒక్క చిన్న భాగం తేడా ఉంటే ఒక మెట్టు దిగుతుంది. బ్యారెల్ మారితే ఇంకా కిందికి. మళ్లీ బ్లూయింగ్ చేసినదానికి ధర తరచుగా సగానికి పడిపోతుంది. అరిగి గోధుమరంగు తిరిగిన అసలుది, మెరిసే కొత్త రంగుదానికంటే మేలు.

కొన్నాక స్టీల్ ఊల్, పాలిష్ పేస్టు దగ్గరకి రానివ్వకండి. పలచగా నూనె రాసి, తోలు హోల్స్టర్ నుంచి తీసి విడిగా పెట్టండి, తోలులో చేరే తేమ లోహాన్ని తింటుంది. నంబర్లన్నీ కలిసిన తుపాకీని కాల్చకండి. పాత ఎక్స్‌ట్రాక్టర్ విరిగితే నంబరు కలిసే ఇంకోటి మీకు దొరకదు.