స్కాలప్ గిటారు శ్రుతి తప్పుతోందా? ముందు చేతిని అనుమానించండి

గిటారు మెడ మీద వేళ్లు నొక్కే ఫ్రెట్‌బోర్డ్‌లో ఫ్రెట్‌కూ ఫ్రెట్‌కూ (అడ్డంగా ఉండే లోహపు మెట్లకు) మధ్య ఉన్న చెక్కను పల్లంగా తొలిస్తే దాన్ని స్కాలప్ చేయడం అంటారు. వేలు తీగనూ ఫ్రెట్‌నూ తాకుతుంది గాని చెక్కను తాకదు. వీణ వాయించేవారికి ఇది వేరే చెప్పనక్కర్లేదు. మైనం మీద ఎత్తుగా నిలబెట్టిన మెట్ల పైన తీగను పక్కకు లాగి గమకం పలికించడం వాళ్లకు రోజూ ఉన్న పనే. జాన్ మెక్‌లాఫ్లిన్ 1970లలో శక్తి బృందంలో వాయించిన గిటారుకు ఇలా తొలిచిన బోర్డే ఉండేది. ఎలక్ట్రిక్ గిటారులో రిచీ బ్లాక్‌మోర్, ఇంగ్వే మాల్మ్‌స్టీన్‌ల వల్ల దీనికి పేరొచ్చింది. గిటార్ల కంపెనీ ఫెండర్ 1988లో మాల్మ్‌స్టీన్ పేరుతో స్కాలప్ స్ట్రాటోకాస్టర్‌ను మార్కెట్లోకి తెచ్చింది.

మన నెల్లూరు, ఒంగోలు వైపు ఎలక్ట్రిక్ గిటారు ఎక్కువగా వినిపించేది చర్చిల్లోనూ పెళ్లి ఆర్కెస్ట్రాల్లోనూ. రెండు చోట్లా పక్కన కీబోర్డు ఉంటుంది. దాని శ్రుతి కదలదు కాబట్టి, ఇంట్లో ఒంటరిగా వాయిస్తున్నప్పుడు తెలియని తప్పు అక్కడ అందరికీ తెలిసిపోతుంది. ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇక్కడి నుంచే పుడతాయి.

సమస్య: విడి తీగలు సరిగ్గానే ఉన్నాయి, కార్డ్ (కొన్ని స్వరాలు కలిపి) పట్టగానే శ్రుతి పైకి పోతోంది

మామూలు బోర్డులో వేలు ఎంత గట్టిగా నొక్కినా చెక్క దగ్గర ఆగిపోతుంది. స్కాలప్‌లో ఆపే చెక్క లేదు. నొక్కినకొద్దీ తీగ పల్లంలోకి దిగుతుంది, బిగువు పెరుగుతుంది, స్వరం పైకి జరుగుతుంది. మూడో తీగ దగ్గర ఇది మరీ స్పష్టంగా తెలుస్తుంది. పైన చుట్టు లేని తీగల్లో అన్నిటికన్నా తక్కువ స్థాయికి శ్రుతి చేసేది అదే. కాబట్టి కొద్దిపాటి సాగుడుకే దాని స్వరం మిగతా రెండింటికన్నా ఎక్కువగా కదులుతుంది.

అయితే శ్రుతి తప్పిన ప్రతిసారీ చేతినే తిట్టాల్సిన పని లేదు. శ్రుతి చూపే ట్యూనర్ పెట్టి చూడండి. పన్నెండో ఫ్రెట్ మీద వేలిని తీగకు తాకీ తాకనట్టు ఉంచి హార్మోనిక్ (గంటలా మోగే స్వరం) పలికించండి. తర్వాత అదే ఫ్రెట్‌ను, స్వరం పలకడానికి సరిపోయేంత మెల్లగా నొక్కి వాయించండి. రెండూ ఒకే శ్రుతిలో ఉండి, గట్టిగా నొక్కినప్పుడు మాత్రమే ముల్లు పైకి పోతే లోపం చేతిదే. మెల్లగా నొక్కినా పైకే ఉంటే బ్రిడ్జ్ దగ్గర ఆ తీగ ఆనే శాడిల్‌ను కొంచెం వెనక్కి, అంటే నట్‌కు (మెడ పైకొసన తీగలు ఆనే గాళ్ల పట్టీకి) దూరంగా జరపాలి. పన్నెండో ఫ్రెట్ బాగుండి, మొదటి రెండు మూడు ఫ్రెట్ల దగ్గరే తేడా వస్తుంటే నట్ గాళ్లు ఎత్తుగా ఉన్నాయని అర్థం. తీగను రెండో మూడో ఫ్రెట్ల మధ్య నొక్కి, మొదటి ఫ్రెట్ మీద తీగ కింద సందు చూడండి. వెంట్రుక మందం ఉంటే చాలు. అంతకన్నా బాగా ఎక్కువ కనిపిస్తే గాడిని దించాలి. ఇది మాత్రం తెలిసినవాళ్లకే వదిలేయండి. గాడి ఒక్కసారి లోతు తప్పితే కొత్త నట్ కొనుక్కోవాల్సిందే.

చేతిదే లోపమైతే మందు సాధన ఒక్కటే. వేలిని తీగ మీద ఊరికే ఆనించి వాయిస్తూ, స్వరం శుభ్రంగా పలికే వరకు కొద్దికొద్దిగా బరువు పెంచండి. స్వరం పలికిన క్షణంలో ఆగిపోండి. అంతకు మించి వేసే ప్రతి బరువూ వృథా, పైగా అపశ్రుతి. వేలిని ఫ్రెట్‌కు దగ్గరగా, దాని వెనుకే పెడితే ఇంకా తక్కువ బలం చాలుతుంది. తీగల మందం 9 గేజ్ అయితే 10కి మారి చూడండి. తీగ లావైతే అదే చేతి బరువుకు తక్కువ కదులుతుంది. మాల్మ్‌స్టీన్ 8 గేజ్ వాడతాడు కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, ఆయన చేయి అంత తేలిక.

ఇక్కడే కాపో (తీగలన్నిటినీ ఒక ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టే బిగింపు) సంగతి కూడా. గాయకుడికి తగిన శ్రుతి కోసం మన చర్చి గిటారిస్టులు, ఆర్కెస్ట్రా వాళ్లు కాపో పెట్టకుండా ఉండలేరు. గట్టి స్ప్రింగ్ కాపో పెడితే ఆరు తీగలనూ ఒకేసారి పల్లంలోకి నొక్కేస్తుంది. ఇక ఎంత మెల్లగా వాయించినా ప్రయోజనం ఉండదు. స్క్రూతో బిగువు తగ్గించుకోగల కాపో కొనండి, ఫ్రెట్‌కు ఆనుకునేలా పెట్టండి, పెట్టాక మళ్లీ శ్రుతి చేసుకోండి.

సమస్య: స్కాలప్ చేయించాక తీగలు గరగరమంటున్నాయి, లేదా ఎత్తుగా లేచాయి

"చెక్క తీసేశారు, అందుకే మోగుతోంది" అంటారు. తీగ గరగరమనేది ఫ్రెట్‌కు తగిలి. దాని ప్రయాణంలో ఆ చెక్క ఎప్పుడూ లేదు. ఫ్రెట్ల ఎత్తు మారకపోతే, పల్లం తవ్వినంత మాత్రాన కొత్త మోత రాదు.

నిజంగా మారేది మెడ. చెక్క తగ్గితే మెడ గట్టిదనం కొంత తగ్గుతుంది, తీగల లాగుడుకు వంపు పెరుగుతుంది. దీనికి మన వాతావరణం తోడు. రోహిణి కార్తెలో ఎండిపోయిన చెక్క, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో చెమ్మ పీల్చుకుంటుంది. ఈ రెండు కాలాల్లోనూ మెడను కొలిచి చూసుకోవడం మంచిది.

మొదటి ఫ్రెట్ మీద కాపో పెట్టి, లావు తీగను మెడ శరీరంలో కలిసే చోట నొక్కి పట్టండి. ఏడెనిమిది ఫ్రెట్ల దగ్గర తీగ కింద సందును ఫీలర్ గేజ్‌తో (సందులు కొలిచే సన్నటి రేకులతో) కొలవండి. పావు మిల్లీమీటరు దరిదాపుల్లో ఉంటే చాలు. గేజ్ కోసం సంగీత వాయిద్యాల దుకాణాలు వెతకనక్కర్లేదు, బైకు విడిభాగాలు అమ్మే చోట దొరుకుతుంది. సందు ఎక్కువుంటే ట్రస్ రాడ్‌ను (మెడ లోపలి ఇనుప కడ్డీని) గడియారం ముళ్లు తిరిగే వైపు, తక్కువుంటే దానికి ఎదురు వైపు తిప్పాలి. ఒకసారికి పావు చుట్టు దాటవద్దు. తిప్పాక మళ్లీ శ్రుతి చేసి, మళ్లీ కొలవాలి. గట్టిగా బిగుసుకుని ఉంటే బలవంతం చేయకండి, లోపల రాడ్ విరిగితే స్కాలప్ సంగతి మరిచిపోవాల్సి వస్తుంది.

మోత ఒకే ఒక్క చోట వస్తుంటే మెడను వదిలేసి ఆ ఫ్రెట్‌ను చూడండి. గుండ్రటి ఆకురాయితో తొలిచేటప్పుడు ఫ్రెట్ అంచు దాకా పోతే, దాన్ని పట్టి ఉంచే చెక్క పలచబడుతుంది. ఫ్రెట్ వదులై పైకి లేస్తుంది. వేలితో నొక్కితే కదులుతుంటే జిగురుతో కూర్చోబెట్టించాలి.

సమస్య: బెండ్ చేస్తే (తీగను పక్కకు లాగితే) స్వరం దాటిపోతోంది

ఇది లోపం కాదు, స్కాలప్ చేయించుకున్నదే దీనికోసం. వేలు చర్మం చెక్క మీద రాసుకోదు, తీగ కిందికి వేలు కొస చేరి పట్టు దొరుకుతుంది, కాబట్టి పాత బలంతో లాగితే స్వరం ఎగిరిపోతుంది. చేరాల్సిన స్వరాన్ని ముందు మామూలుగా వాయించి విని, తర్వాత బెండ్‌తో అక్కడికి చేరండి. కొన్నాళ్లకు చెవి చేతిని అదుపు చేస్తుంది.

సమస్య: బోర్డు నల్లబడుతోంది, ఫ్రెట్ కొసలు గుచ్చుకుంటున్నాయి

మేపుల్ బోర్డు అయితే తొలిచినప్పుడే పైనున్న లక్క పోయి ఉంటుంది. మళ్లీ పూత వేయకుండా మీకు ఇచ్చేశారన్నమాట. చెమటా మురికీ నేరుగా చెక్కలోకి దిగుతున్నాయి. సన్నటి ఉప్పుకాగితంతో శుభ్రం చేయించి పూత వేయించండి. రోజ్‌వుడ్, ఎబోనీలకు పూత అక్కర్లేదు, బోర్డు నూనె పలుచగా రాసి తుడిస్తే సరి. కొసలు గుచ్చుకోవడం ఎండాకాలంలో చెక్క కుదించుకుపోయినందువల్ల వస్తుంది. వాటిని ఆకురాయితో నున్నగా చేయించవచ్చు. మైపాడు, రామాయపట్నం లాంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలికి తీగలు త్వరగా తుప్పు పడతాయి, వాయించాక తుడవడం అలవాటు చేసుకోండి.

ఇంకా చేయించనివాళ్లకు

చెక్కను తీయడం తేలిక, తిరిగి పెట్టడం కుదరదు. ముందు జంబో ఫ్రెట్లు వేయించి చూడండి. అవి ఎత్తుగా ఉంటాయి కాబట్టి వేలు చెక్కకు చాలా తక్కువగా తగులుతుంది. స్కాలప్ అనుభూతిలో పెద్ద భాగం అక్కడే దొరుకుతుంది. అది చాలకపోతే గిటారు శరీరం వైపున్న పై ఫ్రెట్లు మాత్రమే తొలిపించండి. 1987లో గిటారిస్టు స్టీవ్ వై కోసం ఐబనెజ్ కంపెనీ చేసిన జెమ్ గిటారులో 21 నుంచి 24 దాకా నాలుగే ఫ్రెట్లు స్కాలప్. కార్డులు పట్టే కింది భాగం మామూలుగా ఉంటుంది, సోలో వాయించే చోట స్వేచ్ఛ ఉంటుంది. చర్చిలో రిథమ్ వాయించేవారికి నా సలహా ఇదే. లోతు విషయంలో కూడా ఆత్రం వద్దు. వేలు చెక్కకు తగలకపోతే చాలు, అంతకు మించి తవ్వినందువల్ల అదనంగా వచ్చేదేమీ లేదు.

మెడ స్క్రూలతో బిగించే రకం గిటారు అయితే మరీ మంచిది. నాలుగు స్క్రూలు విప్పి, ఆ శరీరానికి సరిపడే వేరే మెడను కొని దాన్ని తొలిపించండి. పాత మెడను తీగలు తీసి, తడి తగలని చోట దాచుకోండి.