"ఇచ్చేయమ్మా" అనే ముందు కాసేపు ఆగండి

మూడేళ్ల పిల్లల తరగతి నా చేతికి వచ్చి 16 ఏళ్లు. ఇన్నేళ్లలో తల్లిదండ్రులు నన్ను ఎక్కువగా అడిగింది ఒకటే: "మావాడు ఎవరితోనూ కలవడు టీచర్, బొమ్మ ముట్టుకోనివ్వడు, ఏం చేయమంటారు?" నేను తిరిగి అడిగేదీ ఒకటే: "వాడికి ఎన్నేళ్లు, ఎన్ని నెలలు?" సగం దిగులు అక్కడే తేలిపోతుంది. రెండేళ్లవాడు నాలుగేళ్లవాడిలా ఉండాలని కూర్చుంటాం మనం.

నేనూ ఆ తప్పు చేశాను, అదీ సొంత కూతురి దగ్గర. దానికప్పుడు 22 నెలలు. ఇంటికొచ్చిన పిల్లాడు దాని ఎర్ర బకెట్ కావాలని ఒకటే ఏడుపు. వాళ్లమ్మ ముందు నా పరువు పోతుందని "ఇచ్చేయమ్మా, బంగారుతల్లివి కదూ" అంటూనే దాని వేళ్లు ఒక్కొక్కటే విడదీసి బకెట్ లాగేశాను. మర్నాటి నుంచి గుమ్మంలో ఎవరి చెప్పుల చప్పుడైనా సరే, అది పరిగెత్తుకెళ్లి బకెట్ బోర్లించి దాని మీద కూర్చునేది. పంచుకోవడం నేర్పాననుకున్నాను. పెద్దవాళ్లు లాక్కుంటారు, కాపలా కాసుకోవాలి అని అది నేర్చుకుంది.

కాబట్టి ముందు ఏ వయసులో ఏది వస్తుందో చూద్దాం.

మొదటి ఏడాది ఆటబొమ్మ మీ ముఖమే. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య బిడ్డ మనల్ని చూసి నవ్వడం మొదలుపెడుతుంది. అది "ఊ" అంటే మీరూ "ఊ" అనండి, తర్వాత ఆగండి. ఆ ఆగడమే ముఖ్యం, ఎందుకంటే ఇప్పుడు వంతు దానిది. పెద్దయ్యాక సంభాషణలోనైనా, ఆటలోనైనా వంతులు ఇలాగే నడుస్తాయి. ఎడ్వర్డ్ ట్రానిక్ అనే మనస్తత్వవేత్త 1970ల్లో ఒక ప్రయోగం చేశారు: బిడ్డతో ఆడుతున్న తల్లిని కాసేపు ముఖంలో ఏ భావమూ లేకుండా ఉండమన్నారు. బిడ్డలు నవ్వి చూస్తారు, చేతులు చాస్తారు, తల్లి కదలకపోతే చివరికి ముఖం తిప్పేసుకుంటారు, ఏడుస్తారు. ఫోన్లో తల దూర్చినప్పుడు మన ముఖమూ అలాగే ఉంటుందని నాకు అనుమానం. ఎనిమిది నెలలు దాటాక దోబూచులాట బాగా రుచిస్తుంది. కనబడనిది లేకుండా పోలేదని అప్పటికి దానికి తెలుస్తోంది మరి. ఏడాది నిండేసరికి వేలుపెట్టి చూపిస్తుంది: "అదిగో, నువ్వూ చూడు" అని.

ఏడాది నుంచి మూడేళ్ల దాకా వచ్చేది చాలామంది అపార్థం చేసుకునే దశ. ఇద్దరు పిల్లలు ఇసుకలో వీపూ వీపూ ఆనించి కూర్చుని ఎవరి గుంట వాళ్లు తవ్వుకుంటుంటే "కలిసి ఆడుకోండర్రా" అనకండి. వాళ్లు కలిసే ఆడుతున్నారు, తమ పద్ధతిలో. అమెరికాలో మిల్‌డ్రెడ్ పార్టెన్ నర్సరీ పిల్లల్ని గమనించి 1932లో ఆటను ఆరు రకాలుగా విడగొట్టారు: ఊరికే అటూ ఇటూ తిరగడం, ఒంటరిగా ఆడడం, పక్కవాళ్ల ఆట చూస్తూ నిలబడడం, పక్కపక్కనే ఎవరి ఆట వాళ్లు ఆడడం, వస్తువులు మార్చుకుంటూ ఆడడం, పాత్రలు పంచుకుని ఒకే ఆట ఆడడం. ఇవి ఎక్కి దిగనక్కర్లేని మెట్లేమీ కావు. నాలుగేళ్ల పిల్ల ఒక్క పూటలో ఈ ఆరూ చుట్టి వస్తుంది. అది మూల కూర్చుని అరగంట బ్లాకులు పేర్చుకుంటోందంటే దానికి అక్కడ పనుందని అర్థం.

ఈ వయసు పిల్లలున్న ఇంటికి నా సలహాలు చిన్నవి. ఎవరైనా పిల్లలు వస్తున్నారంటే ముందుగా "ఏవి దాచుకుందాం?" అని అడిగి ప్రాణప్రదమైన రెండు బొమ్మలు బీరువాలో పెట్టించండి, మిగిలినవి బయట ఉంటాయి. ఒకేలాంటివి రెండేసి ఉంచండి. ఇద్దరికీ రెండు డొక్కు గిన్నెలు చాలు, ఒక్క ఖరీదైన కారు కంటే ఎంతో నయం. పేచీ మొదలైతే న్యాయమూర్తి కాకుండా వ్యాఖ్యాత కండి: "బకెట్ నీ చేతిలో ఉంది. వాడికీ కావాలట. నీ ఆట అయ్యాక ఇస్తావా?" తన ఆట తనే ముగించుకున్న పిల్ల బకెట్ తెచ్చి ఇస్తుంది. ఎప్పుడంటే, మీరు టీ తాగడం పూర్తయ్యాక, మీరు దాని సంగతి మరిచిపోయాక. "రెండు నిమిషాలు ఆగు" అంటే రెండేళ్లవాడికి ఏమీ అర్థం కాదు. ఇసుక గడియారం తిప్పి చూపిస్తే మూడేళ్లవాడికి అర్థమవుతుంది.

కొరకడం సంగతి. మాటలు ఇంకా చాలని పిల్లలు పళ్లతో మాట్లాడతారు. ముందు కాటు పడ్డ బిడ్డను దగ్గరికి తీసుకోండి. కొరికినవాడి ఎత్తుకు వంగి "కొరకకూడదు, నొప్పి" అని రెండే మాటలు. తిరిగి కొరికి చూపించడం లాంటి వైద్యాలు వద్దు. తర్వాత కొన్నాళ్లు ఎప్పుడు కొరుకుతున్నాడో రాసుకోండి. నిద్రవేళకు ముందా, ఇరుకులో నిలబడ్డప్పుడా? నా తరగతిలో ఒక పిల్లాడి కాట్లన్నీ చేతులు కడిగే వరసలోనే పడుతున్నాయని ఆ చీటీ వల్లే తెలిసింది. వాణ్ని వరసలో చివర నిలబెట్టాం, కాట్లు ఆగాయి.

"వాడు నిన్ను అలా చేస్తే నీకెలా ఉంటుంది?" అనే ప్రశ్నను ఇంకొన్నాళ్లు అటక మీద పెట్టండి. 1983లో విమ్మర్, పెర్నర్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు పిల్లలకు ఒక కథ చెప్పారు: ఒక అబ్బాయి చాక్లెట్ ఒక అరలో పెట్టి బయటికెళ్తాడు, వాళ్లమ్మ దాన్ని ఇంకో అరలోకి మారుస్తుంది, వాడు తిరిగొచ్చి ఎక్కడ వెతుకుతాడు? తమకు తెలిసింది వాడికి తెలియదన్న సంగతి మూడేళ్లవాళ్లకు తట్టదు, కొత్త అరనే చూపిస్తారు. నాలుగు దాటాకే చాలామందికి తడుతుంది. అందుకే చిన్నవాళ్లకు ఊహను కాకుండా ముఖాన్ని చూపించండి: "చూడు, దాని కళ్లలో నీళ్లు." బలవంతపు సారీ కూడా అంతే, నోటితో అనేసి కాళ్లు పరిగెడతాయి. పడగొట్టిన బ్లాకులు తిరిగి పేర్చడానికి చేయి వేయించండి.

ఉత్తుత్తి ఆటలు ఏడాదిన్నర నుంచే మొదలవుతాయి, దువ్వెన ఫోనవుతుంది. మూడున్నరకల్లా "నువ్వు పేషెంటు, నేను డాక్టరు" వస్తుంది. కథ చెబుతుంటే నిమిషం కుదురుగా కూర్చోని పిల్లాడు, పేషెంటు వేషంలో కళ్లు మూసుకుని ఎంతసేపు కదలకుండా పడుకుంటాడో చూడండి. ఆటలో మీకు పాత్ర ఇస్తే తీసుకోండి, కథ మాత్రం మార్చకండి. "పేషెంటు ఎన్ని మాత్రలు వేసుకోవాలి, లెక్కపెట్టు" అన్నారంటే ఆట చచ్చింది.

అసలు కష్టం నడుస్తున్న ఆటలోకి దూరడం. "నన్నూ ఆడించుకుంటారా?" అని అడగమని మనం నేర్పుతాం. దానికి నాలుగేళ్లవాళ్ల దగ్గర సిద్ధంగా ఉండే జవాబు "ఊహూఁ". నా దగ్గర ఒక పిల్లాడు వచ్చిన కొత్తలో గోడకానుకుని కుర్చీల కారాటను రోజూ చూస్తుండేవాడు. వాళ్లమ్మ తోసేయమంది, నేను తోయలేదు. వాడు ఊరికే నిలబడలేదు, ఎవరు డ్రైవరో, ఎక్కడ హారన్ కొడతారో కంఠస్థం చేస్తున్నాడు. రెండో వారంలో పక్కనే తనూ ఒక కుర్చీ వేసుకుని "బుర్ర్" అన్నాడు, ఎవరూ పట్టించుకోలేదు. ఇంకో రెండు రోజులకు ఖాళీ సీసా మూత పట్టుకెళ్లి కారు వెనక వంగి "పెట్రోలు అయిపోయింది, పోస్తున్నా" అన్నాడు. డ్రైవరు వెనక్కి తిరిగి "ఫుల్ ట్యాంక్" అన్నాడు. అంతే. ముందు చూడడం, తర్వాత పక్కనే అదే పని చేయడం, ఆ పైన ఆటకు పనికొచ్చేది ఒకటి పట్టుకెళ్లడం. మీ బిడ్డ అంచున నిలబడి ఉంటే చెవిలో అడగండి: "వాళ్ల ఆటలో ఇప్పుడు ఏం తక్కువైంది?" తోయకండి.

"నీతో కటీఫ్"లలో వేలు పెట్టకండి, చేతులు లేస్తే తప్ప. మీరు రాయబారం మొదలుపెట్టేలోగా వాళ్లు కలిసిపోతారు. పెద్దపిల్లల మధ్య చిన్నవాణ్ని ఆటలో అరటిపండుగా ఉంచడం గొప్ప ఏర్పాటు: వాడు అవుట్ కాడు, కానీ నియమాలన్నీ చూస్తుంటాడు. టీవీ, ఫోన్ తెరల గురించి ఒక్క ముక్క: రెండు నుంచి నాలుగేళ్లవాళ్లకు రోజుకు గంట మించకూడదని, తగ్గితే ఇంకా మంచిదని, ఏడాది పిల్లలకు అసలు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది.

సిగ్గు జబ్బు కాదు. కానీ ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరగకపోయినా, దేన్నీ వేలుపెట్టి చూపించకపోయినా, ఏడాదిన్నర దాటాక కూడా ఉత్తుత్తి ఆట జాడ లేకపోయినా, ఏ వయసులోనైనా వచ్చిన మాటలు, నవ్వులు వెనక్కి పోయినా పిల్లల డాక్టరుకు చూపించండి. "కొందరికి లేటవుతుందిలే" అనే చుట్టాల మాట విని నెలలు గడపకండి. వెళ్లేటప్పుడు ఇంట్లో ఆడుకుంటుండగా తీసిన ఐదు నిమిషాల వీడియో ఒకటి ఫోన్లో ఉంచుకోండి. డాక్టరు గదిలో చాలామంది పిల్లలు ఒళ్లో ముడుచుకుపోయి ఆడనే ఆడరు.