కమ్యూనిటీ కాలేజీ నుంచి యూసీకి: బదిలీ కోరే విద్యార్థికి ఎలా తోడ్పడాలి?

కాలిఫోర్నియాలో మొదటి రెండేళ్లు కమ్యూనిటీ కాలేజీలో చదివి, మూడో ఏడాదిలో యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ) క్యాంపస్‌లో చేరే మార్గం 1960 నాటి మాస్టర్ ప్లాన్ (రాష్ట్ర ఉన్నత విద్యా ప్రణాళిక) కాలం నుంచీ ఉంది. రాష్ట్ర నివాసులకు కాలేజీ ఫీజు యూనిట్‌కు (కోర్సు బరువును కొలిచే లెక్కకు) 46 డాలర్లే. అయితే చాలా ఇళ్లలో బదిలీ మాట దరఖాస్తుల సమయానికి గాని రాదు. అప్పటికి పనికిరాని కోర్సుల్లో ఒక సెమిస్టరు గడిచిపోయి ఉంటుంది.

అందుచేత మొదటి రిజిస్ట్రేషన్‌కు ముందే విద్యార్థి పక్కన కూర్చుని అసిస్ట్ డాట్ ఆర్గ్ అనే వెబ్‌సైట్ తెరవండి. కాలేజీ, చేరదలచిన క్యాంపస్, మేజర్ (ప్రధాన విషయం) ఎంచుకుంటే ఒకవైపు యూనివర్సిటీ కోరే కోర్సు, రెండోవైపు దానికి సమానమైన కాలేజీ కోర్సు కనిపిస్తాయి. ఫిజిక్స్ అన్న పేరు చూసి తృప్తిపడకూడదు: ఇంజినీరింగ్‌కు క్యాలిక్యులస్ ఆధారిత ఫిజిక్స్ కావాలి, బీజగణితంతో బోధించే ఫిజిక్స్ దానికి సరిపోదు. కనీసం మూడు క్యాంపస్‌ల పట్టికలను పక్కపక్కన పెట్టి, ఉమ్మడిగా ఉన్న కోర్సులను ముందు పూర్తి చేయించండి.

తర్వాత జనరల్ ఎడ్యుకేషన్ (మేజర్‌తో పాటు చదవాల్సిన సాధారణ కోర్సులు) సంగతి చూడాలి. 2025 ఫాల్ (శరత్కాల సెమిస్టరు) నుంచి కొత్తగా చేరేవారికి క్యాల్-గెట్‌సీ అనే ఒకే కోర్సుల చట్రం యూసీకీ, కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీకీ పనికొస్తుంది. ఇంజినీరింగ్, సైన్స్ విద్యార్థులు మాత్రం దీనికంటే మేజర్ కోర్సులకే ప్రాధాన్యం ఇవ్వడం మేలని నా అభిప్రాయం. మొత్తం మీద బదిలీ నాటికి 60 సెమిస్టర్ యూనిట్లు ఉండాలి. యూసీకి కనీస జీపీఏ (గ్రేడ్ల సగటు) నివాసులకు 2.4, ఇతరులకు 2.8, పోటీ ఉన్న మేజర్లలో ఇది ఏ మూలకూ చాలదు.

ట్యాగ్ అనే ప్రవేశ హామీ ఒప్పందాన్ని డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ క్యాంపస్‌లు ఇస్తాయి. బర్క్‌లీ, యూసీఎల్‌ఏ, శాన్ డియాగో ఇవ్వవు. ఒక్క క్యాంపస్‌కే, సెప్టెంబర్ నెలలోనే కోరాలి, కొన్ని మేజర్లకు ఇది వర్తించదు. ట్యాగ్ పెట్టాం కదా అని ఊరుకుంటే హామీ పోతుంది, ఎందుకంటే అసలు యూసీ దరఖాస్తును శరత్కాలంలో విడిగా సమర్పించాలి. అందులో 350 పదాలకు మించని నాలుగు జవాబులు రాయాలి. వాటిని మీరు చదివి పెట్టండి గాని, రాసి పెట్టకండి. చదివిన ప్రతి కాలేజీనీ, వదిలేసిన కోర్సులతో సహా చూపాలి.

హెచ్-4 వీసాపై (ఉద్యోగ వీసాదారుల కుటుంబసభ్యులకు ఇచ్చేది) ఉన్న మన పిల్లల విషయంలో మరో లెక్క ఉంది. 21 ఏళ్లు నిండితే ఆ హోదా ముగుస్తుంది, అది దాదాపు బదిలీ వయసే. విద్యార్థి వీసా అయిన ఎఫ్-1కు మారితే నివాసుల ఫీజు ఉంటుందో పోతుందో ఆ క్యాంపస్ రెసిడెన్సీ కార్యాలయాన్ని ఏడాది ముందే అడగండి.

జనవరిలో ఫాల్ గ్రేడ్లు, వసంతకాలపు కోర్సులతో దరఖాస్తును తాజా చేయాలి. సీటు వచ్చాక జూన్ 1లోగా అంగీకారం తెలిపి, జూలై 1లోగా తుది ట్రాన్స్‌క్రిప్టులు (గ్రేడ్ల పత్రాలు) పంపించాలి. ఈ మధ్యలో ఏ కోర్సు మానుకోవాలన్నా, గ్రేడు తగ్గేలా ఉన్నా ముందుగా క్యాంపస్‌కు తెలియజేయించండి. చెప్పకుండా మానేస్తే ఇచ్చిన సీటును రద్దు చేసే అధికారం వారికి ఉంటుంది.