ఇంట్లో చదువు – నాలుగో పాఠం: చెప్పించుకోవడం

ముందు పోయిన పాఠంలో ఇచ్చిన పని సంగతి చూద్దాం. పిల్లల చదువుకి ఇంట్లో ఒక చోటు, ఒక వేళ కుదర్చమన్నాను. టీవీ లేని చోట, రోజూ అదే వేళకి, ముప్పావుగంట. చేసి చూసినవాళ్లలో చాలామంది నాతో అన్న మాట ఒకటే: "కూర్చోబెడుతున్నామండీ, పుస్తకం తెరుస్తున్నాడు. చదువుతున్నాడో లేదో మాకెలా తెలుస్తుంది?" భీమవరం అవతల రొయ్యల చెరువుల మీద పనిచేసే ఒక నాన్నగారు ఇంకా సూటిగా అడిగారు: "నేను ఏడు దాకా చదివానండీ. మా అమ్మాయి తొమ్మిది, అదీ ఇంగ్లీషు మీడియం. పక్కన కూర్చుని నేనేం చెయ్యను, గోడకి కొట్టిన మేకులాగా?"

ఈ పాఠం ఆయన కోసమే. పాఠం మీకు రానక్కర్లేదు. చెప్పడానికి టీచర్ ఉన్నారు. ఇంట్లో కావలసింది చెప్పించుకునే మనిషి.

మా మామ్మకి సంతకం కూడా రాదు. సాయంత్రం అరుగు మీద కూర్చుని చీపురు కోసం కొబ్బరాకుల్లోంచి ఈనెలు తీసేది. నేను బడి నుంచి రాగానే "ఇవాళేం చెప్పారే?" అనేది. నేను చెబుతుంటే చాకు ఆపకుండా "ఊఁ, తరవాత?" అంటూ ఉండేది. ఒకరోజు చంద్రుడు భూమి చుట్టూ తిరుగుతాడని ఎంతో గొప్పగా చెప్పాను. మామ్మ చాకు ఆపింది. "మరి నిన్న పొద్దున్నే ఎండొచ్చాక కూడా చెట్ల మీద కనబడ్డాడు కదే, అప్పుడు ఏ పక్కనున్నట్టు?" అంది. నాకు నోట మాట రాలేదు. మర్నాడు మాస్టారిని అడిగితే ఆయన బోర్డు మీద మూడు గుండ్రాలు గీసి చూపించారు. ఆ మూడు గుండ్రాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. పుస్తకంలో బొమ్మ గుర్తు లేదు.

మామ్మ దగ్గర ఉన్నవి మూడు మాటలే. "ఊఁ, తరవాత?", "నాకు బోధపడలేదు, ఇంకోసారి చెప్పు", "అదెందుకని?". ఈ వారం మీకు కావలసిన సామాను అంతే. దీనికి ఒక నియమం ఉంది, అదే కష్టం. పిల్లలు తప్పు చెప్పినా గబుక్కున దిద్దకూడదు. అయిదు అంకెలు లెక్కపెట్టి "బోధపడలేదు" అనండి. సగం తప్పులు రెండోసారి చెప్పేటప్పుడు వాళ్లకే దొరికిపోతాయి. నాలాంటి టీచర్లకి ఇది మహా కష్టం, నోరు ఊరుకోదు. చదువుకోని తల్లిదండ్రులకి ఈ ఒక్క విషయంలో మాకంటే వీలెక్కువ.

ఇక వయసుల వారీగా.

మూడు నుంచి అయిదేళ్లు. అంగన్‌వాడీ వయసు. ఇక్కడ ఎక్కువ చెప్పను, ఎందుకంటే ఈ వయసులో చదువంటే మాటలే. నరసాపురం రేవులో పంటు (గోదారి దాటించే పెద్ద పడవ) ఎక్కి సఖినేటిపల్లి వెళ్లారనుకోండి, ఇంటికొచ్చాక "తాతయ్యకి చెప్పు, ముందు ఏమైంది? తరవాత ఏం ఎక్కాం?" అని అడగండి. ముందు, తరవాత, ఆ తరవాత, ఇలా వరస తప్పకుండా చెప్పగలగడమే వాళ్ల పాఠం. పెన్సిల్ కోసం తొందరపడొద్దు. చిక్కుడుకాయలకి ఈనెలు తీయించండి, పిండితో ముగ్గు వేయించండి, వేళ్లు వాటంతటవే గట్టిపడతాయి.

ఆరు నుంచి ఎనిమిది. నన్నడిగితే అసలు గండం ఇక్కడే ఉంది. ఇక్కడ తప్పితే పదో తరగతి దాకా లాగుతుంది, పైగా బయటికి కనబడదు.

మా పక్కింటి పిల్లాడు రెండో తరగతి. వాళ్లమ్మ ఒక సాయంత్రం తీసుకొచ్చి "టీచరు గారూ, వీడు గడగడా చదివేస్తున్నాడు, చూడండి" అంది. నిజంగానే గడగడా మొదలుపెట్టాడు. వేలు అక్షరాల కింద జరుగుతోంది, తల ఊగుతోంది. మధ్యలో ఫ్యాన్ గాలికి పేజీ తిరిగిపోయింది. వాడు ఆగలేదు. కొత్త పేజీ మీద వేలు జరుపుతూ పాత పేజీ పాఠమే చదువుకుంటూ పోయాడు. వాళ్లమ్మా నేనూ నవ్వేశాం. ఎందుకు నవ్వుతున్నామో తెలియక వాడు మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. పాఠం మొత్తం నోటికొచ్చు, అక్షరం రాదు. ఆ సాయంత్రం చూడకపోతే మూడో తరగతిలోనూ అలాగే నెట్టుకొచ్చేవాడు.

కాబట్టి చదివించేటప్పుడు పేజీ పైనుంచి మొదలుపెట్టించకండి. బొమ్మ మీద చెయ్యి అడ్డం పెట్టి, కింది నుంచి మూడో వాక్యం చదవమనండి. ప్రథమ్ సంస్థ 2005 నుంచి పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి చేస్తున్న 'అసర్' సర్వేలో పిల్లల చదువు కొలిచే కాగితం చాలా చిన్నది. దాంట్లో ఉండేవి విడి అక్షరాలు, చిన్న మాటలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. అంతే. మీరూ ఇంట్లో ఇదే చెయ్యొచ్చు. ఎక్కడ ఆగితే అక్కడి నుంచి మొదలు. అయిదో తరగతి పిల్ల పేరా దగ్గర ఆగితే సిగ్గుపడాల్సిందేమీ లేదు, ముందు పేరా సంగతి చూడాలి.

తెలుగులో మన పిల్లలు ఎక్కువగా చిక్కుకునేది ఒత్తుల దగ్గర. దీనికి నా దగ్గర ఉన్న మందు ఆర్టీసీ బస్సు బోర్డు. రావులపాలెం సెంటర్లో పది నిమిషాలు నిలబడితే చాలు. రాజోలు, అమలాపురం, మలికిపురం, వీటిలో ఒత్తు లేదు, వీటితో మొదలుపెట్టండి. తరవాత కొత్తపేట, ముమ్మిడివరం, పాలకొల్లు. వీటిలో అక్షరానికి దాని ఒత్తే వస్తుంది. ఇవి వచ్చాక అంతర్వేది, రామచంద్రపురం, ద్రాక్షారామం. వీటిలో ఒక అక్షరానికి వేరే దాని ఒత్తు. ద్రాక్షారామం బోర్డు తడుముకోకుండా చదివిన పిల్లకి ఆ రోజు ఐస్‌క్రీమ్ కొనిపెట్టొచ్చు. బస్సు కదిలిపోయేలోపు చదవాలి కాబట్టి కంఠస్థం పెట్టడానికి కుదరదు, అదీ ఇందులో ఉన్న లాభం.

తొమ్మిది నుంచి పదకొండు. ఇక్కడ "అదెందుకని?" పనికొస్తుంది, ముఖ్యంగా లెక్కల్లో. భీమవరం నాన్నగారికి నేను చెప్పిన లెక్క ఇది. వాళ్ల చిన్నవాడు అయిదో తరగతి. భిన్నాల్లో నూరో వంతు, యాభయ్యో వంతు, ఏది పెద్దదంటే నూరో వంతే అంటున్నాడట. 100 పెద్దది కదా మరి! ఎన్నిసార్లు రాయించినా అదే.

"మీ చెరువు దగ్గరికి తీసుకెళ్లండి," అన్నాను. "వంద కౌంటు రొయ్య పెద్దదా, యాభై కౌంటు రొయ్య పెద్దదా అని అడగండి." కౌంటంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క.

ఆయన ఫోన్లోనే నవ్వారు. చెరువు మీద పుట్టి పెరిగిన పిల్లాడికి అది తెలియకపోవడమేంటి? యాభై కౌంటే పెద్దది, రేటూ దానికే ఎక్కువ. మరి ఎందుకని? కిలోకి 100 తూగితే ఒక్కోటి 10 గ్రాములు. కిలోకి 50 తూగితే ఒక్కోటి 20 గ్రాములు. ఎక్కువమందికి పంచితే ఒక్కొక్కరి వాటా చిన్నదవుతుంది. భిన్నంలో కింది అంకె పెరిగితే విలువ తగ్గేది సరిగ్గా ఇందుకే. పిల్లాడి బుర్రలో ఈ లెక్క ముందే ఉంది. బడిలో లెక్కకీ చెరువు గట్టు లెక్కకీ దారి లేదు, అంతే. ధాన్యం పండించే ఇళ్లలో బస్తా ఉంది. బస్తాకి 75 కిలోల చొప్పున 40 బస్తాలంటే ఎన్ని క్వింటాళ్లని అడగండి. ముప్పై అని జవాబు వస్తే ఊరుకోకండి, ఎలా వచ్చిందో చెప్పమనండి.

వచ్చిందని చెప్పినప్పుడు ఏమని మెచ్చుకుంటున్నారో కూడా చూసుకోండి. 1998లో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ వయసు పిల్లలతోనే పరీక్ష చేసి చూశారు. "నువ్వు తెలివైనవాడివి" అని మెచ్చుకున్న పిల్లలు తరవాత కష్టమైన ప్రశ్నలొచ్చి దెబ్బ తిన్నాక తొందరగా నీరుగారిపోయారు. కష్టపడి చేశావని మెచ్చుకున్నవాళ్లు ఇంకాసేపు పట్టు వదలలేదు. మనింట్లో "మా వాడు సూపర్" అన్న మాట రోజుకి ఎన్నిసార్లు వస్తుందో ఒకసారి లెక్కపెట్టుకుంటే సరి.

పన్నెండు నుంచి పద్నాలుగు. ఈ వయసులో ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే "ఏం లేదు", "బానే ఉంది" అన్న రెండు మాటలే వస్తాయి. పక్కపక్కన ఉండి ఇద్దరూ ఏదో పనిలో ఉంటే నోరు తెరుస్తారు. బండి మీద వెనక కూర్చున్నప్పుడు చెప్పినన్ని కబుర్లు బల్ల దగ్గర చెప్పరు. ఎందుకో నాకూ తెలియదు, మొహం కనబడదనేమో.

మాకు తెలిసిన ఒక కుటుంబంలో ఎనిమిదో తరగతి పిల్ల కాటన్ దొర పాఠం అప్పజెబుతోంది. "ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది." తండ్రి కాలవ గట్టున బండి ఆపి అడిగాడు: "వేసవిలో ఈ కాలవ కట్టేస్తారు కదా, ఎందుకమ్మా?" పిల్లకి తెలియదు. ఆయనకి తెలుసు. దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక నీళ్లు ఆపితేనే పూడిక తియ్యడం, లాకులకి మరమ్మతులు చెయ్యడం కుదురుతుంది. "మరి గోదారి అంత కిందుంటే నీళ్లు ఈ కాలవలోకి ఎలా ఎక్కుతాయి?" అని పిల్ల తిరిగి అడిగింది. ఆనకట్ట అడ్డుపెట్టి నది నీటి మట్టం పెంచితే, అక్కడి నుంచి వాలు మీద కాలవల్లోకి దిగుతాయని ఇద్దరూ కలిసి తేల్చుకున్నారు. సంవత్సరాలు పిల్లకి వచ్చు, నీళ్ల సంగతి తండ్రికి వచ్చు.

అప్పజెప్పించుకోవడం ఒక్కసారితో సరిపోదు. నేర్చింది ఎంత తొందరగా మరిచిపోతామో ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త తన మీద తనే ప్రయోగం చేసుకుని 1885లో పుస్తకం వేశాడు. మరుపు మొదటి రోజుల్లోనే ఎక్కువ. అందుకని ఇవాళ చెప్పిన పాఠాన్ని రేపు రెండు నిమిషాలు, నాలుగో రోజు రెండు నిమిషాలు, పై వారం ఇంకోసారి, పుస్తకం మూసి చెప్పమనండి. క్యాలెండర్ మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటే చాలు.

మధ్యలో ఒక మాట. మీ పిల్లలు గవర్నమెంటు బడిలోనో ఎయిడెడ్ బడిలోనో ఎనిమిది చదువుతుంటే ఎన్‌ఎంఎంఎస్ (నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్) పరీక్ష గురించి హెడ్‌మాస్టారిని అడగండి. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000 రూపాయల స్కాలర్‌షిప్. కుటుంబ ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు దాటకూడదు. తెలియక వదిలేసుకునేవాళ్లని ఏటా చూస్తున్నాను.

పదో తరగతి. ఆరు సబ్జెక్టులు, 600 మార్కులు, ఊరంతటికీ టెన్షన్. యూనిట్ టెస్టు పేపరు ఇంటికొస్తే మనం చూసేది పైన ఎర్ర ఇంకు అంకె. అది పక్కన పెట్టి, పోయిన మార్కులన్నీ మూడు కుప్పలు పెట్టించండి: అసలు రానివి, వచ్చి కూడా తప్పు రాసినవి, టైమ్ చాలక వదిలేసినవి. కుప్పలు పెట్టాల్సింది పిల్లలే, మీరు వినాలి. మొదటి కుప్పకి టీచర్ కావాలి. రెండోదానికి రాశాక సరిచూసుకునే అలవాటు కావాలి. మూడోదానికి గడియారం పెట్టుకుని రాసే సాధన. మూడింటికీ కలిపి ఒకే ట్యూషన్ పెట్టి డబ్బులు పోసేవాళ్లే ఎక్కువ. రాత్రి ఒంటిగంట దాకా కూర్చోబెట్టడం కూడా మానండి. ఈ వయసు పిల్లలకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని డాక్టర్లే చెబుతారు.

ఇంటర్ హాస్టల్. ఇక్కడ నా తప్పు చెప్పుకోవాలి. మా అమ్మాయిని రెసిడెన్షియల్ కాలేజీలో వేశాం. ఆదివారం అయిదు నిమిషాల ఫోను. నేను ప్రతి వారం అడిగిందొకటే, వీకెండ్ టెస్టులో ఎన్ని వచ్చాయని. అది చెప్పేది, నేను "ఇంకా పెంచాలమ్మా" అనేదాన్ని, టైమ్ అయిపోయేది. సంక్రాంతికి ఇంటికొచ్చి అరిసెలు వత్తుతూ చెప్పింది, దసరా నుంచి ఫిజిక్స్ ఒక్క ముక్క అర్థం కావడం లేదని. మూడు నెలలు! ఊళ్లో పిల్లలందరి చేతా చెప్పించుకున్న దాన్ని, ఇంట్లో పిల్లని చెప్పనివ్వలేదు. ఆ తరవాత ఆదివారాల్లో "ఈ వారం ఏది బోధపడలేదు?" అని మాత్రమే అడిగాను. మొదటి రెండు వారాలు ఏం లేదంది. మూడో వారం చెప్పింది.

ఈ వారం పని. ఒక్క పిల్ల, ఒక్క పాఠం, పది నిమిషాలు, నాలుగు రోజులు. మీరు వాడాల్సింది మామ్మ మూడు మాటలే. ఫోను వేరే గదిలో పెట్టండి, మీది కూడా. ప్రతిరోజూ ఒక కాగితం మీద రెండు ముక్కలు రాసుకోండి: పిల్ల ఎక్కడ ఆగింది, మీరు ఎక్కడ ఆగలేక జవాబు చెప్పేశారు. నిజాయితీగా రాస్తే రెండోది పొడుగ్గా ఉంటుంది. ఆ కాగితం దాచండి, అయిదో పాఠంలో దాంతో పని ఉంది. అది బడికి వెళ్లి టీచర్‌తో మాట్లాడ్డం గురించి.