వయొలిన్ కాన్చెర్టో రికార్డింగు: టెంపో, కీ, మూడ్ తేడా కొడితే

యాప్‌లు చూపే బీపీఎం (నిమిషానికి పడే దెబ్బలు), కీ (పాట ఆధార స్వరం, స్కేలు), మూడ్ అంకెలు మొదటి నుంచి చివరిదాకా ఒకే డ్రమ్ము దెబ్బ, ఒకే స్కేలు ఉండే పాటలకు బాగా కుదురుతాయి. కాన్చెర్టోలో (ఒక సొలో వాద్యం ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే రచన) ఆ రెండూ ఉండవు. అంకె వింతగా ఉందని వెంటనే రికార్డింగును అనుమానించకండి. మూడు మూవ్‌మెంట్లూ (రచనలోని భాగాలు) ఒకే ఫైలులో ఉన్నాయేమో ముందు చూడండి. ఉంటే విడగొట్టండి, ఆ సగటుకు అర్థం లేదు.

సమస్య: బీపీఎం రెట్టింపు చూపిస్తోంది, లేదా సగమే చూపిస్తోంది

దీనికి కారణం చాలాసార్లు లెక్క యూనిట్‌లోనే ఉంటుంది. మెండెల్సన్ ఇ మైనర్ కాన్చెర్టో (ఓపస్ 64) మొదటి మూవ్‌మెంట్ బారుకు (తాళం ఒక చుట్టుకు) రెండు హాఫ్ నోట్ల లెక్కలో నడుస్తుంది. ఒక హాఫ్ నోటు రెండు క్వార్టర్ నోట్లంత. హాఫ్ నోటు నిమిషానికి 100 పడితే, క్వార్టర్ నోట్లు లెక్కపెట్టే యాప్ 200 అంటుంది. రెండూ ఒకే వేగం. రెండో మూవ్‌మెంట్ 6/8లో ఉంటుంది (బారుకు రెండు దెబ్బలు, ఒక్కోదానిలో మూడు ఎనిమిదో నోట్లు), అక్కడ ఎనిమిదో నోట్లను పట్టుకుంటే మూడింతలు వస్తుంది.

చేత్తో కొలిస్తే రెండు నిమిషాల పని. స్కోరులో (రాసిన స్వరలిపిలో) సొలోయిస్టు నిలకడగా వాయించే 8 బార్లు ఎంచుకోండి. మొదటి బారు మొదటి దెబ్బ మీద స్టాప్‌వాచ్ నొక్కి, తొమ్మిదో బారు మొదటి దెబ్బ మీద ఆపండి. అంటే 16 హాఫ్ నోట్లు. 16ను 60తో గుణించి సెకన్లతో భాగించండి: 9.6 సెకన్లు పడితే 100. పదహారో దెబ్బ మీదే ఆపేయడం అందరూ చేసే పొరపాటు. అప్పుడు కొలిచింది 15 వ్యవధులే, జవాబు ఆరేడు అంకెలు ఎక్కువొస్తుంది. మూడు చోట్ల కొలిచి, ఒక అంకె కాకుండా "96 నుంచి 108" అన్నట్టు రాసుకోండి.

ఒకే ఫైలును రెండుసార్లు కొలిస్తే రెండు అంకెలు వస్తున్నాయా? విల్లు మెత్తగా తీగ మీద దిగినప్పుడు స్వరం ఎక్కడ మొదలైందో యాప్‌కు తెలియదు. కెడెంజాలో (సొలోయిస్టు ఒక్కరే స్వేచ్ఛగా వాయించే భాగం) అసలు నిలకడైన దెబ్బే ఉండదు, దాన్ని కత్తిరించి కొలవండి. అది ఎప్పుడూ చివర్లోనే ఉంటుందనుకోకండి, మెండెల్సన్ దాన్ని మూవ్‌మెంట్ మధ్యలో పెట్టాడు.

సమస్య: కవరు మీద ఇ మైనర్, యాప్‌లో జి మేజర్

ఈ రెండు స్కేళ్లకూ స్వరాలు అవే. పైగా ఇందులో రెండో థీమ్ నిజంగానే జి మేజర్‌లో వస్తుంది, దాని కింద సొలో వయొలిన్ ఖాళీ జి తీగను పట్టుకుని ఉంటుంది. యాప్ తప్పు చెప్పిందనలేం, తొందరపడింది అంతే. మూవ్‌మెంట్ చివరి 20 సెకన్లు మాత్రమే తీసుకుని, ఆఖరి కార్డు (ఒకేసారి మోగే స్వరాల గుంపు) కింద బేస్ ఏ స్వరం మీద ఆగిందో వినండి.

రెండో మూవ్‌మెంట్‌కు సి మేజర్, మూడోదానికి ఇ మేజర్ చూపిస్తే దిద్దకండి, అవి సరైనవే. పేరులోని కీ మొదటి మూవ్‌మెంట్‌ది.

సమస్య: మేజర్‌లో ఉన్నా "విషాదం" అని మూడ్ ట్యాగ్

బీతోవెన్ డి మేజర్ కాన్చెర్టోలో రెండో మూవ్‌మెంట్ జి మేజర్, లార్గెట్టో. నెమ్మది, తక్కువ శబ్దం. ఆ రెండూ చూసి యాప్ దుఃఖం అనేస్తుంది. ఆటోమేటిక్ మూడ్ ట్యాగ్‌ను తీసేయడమే మంచిది. సొలో ప్రవేశం, మధ్య భాగం, ముగింపు 30 సెకన్ల చొప్పున విని మీరే రాయండి.

సమస్య: రికార్డింగుతో కలిసి వాయిస్తే శృతి కలవడం లేదు

అసలు జాగ్రత్తగా చూడాల్సింది ఇదే. ముందు తేడా ఎన్ని సెంట్లో కొలవాలి (ఒక సెమిటోన్‌కు 100 సెంట్లు). వైబ్రాటో (స్వరాన్ని వణికించడం) ఉన్న స్వరం మీద ట్యూనర్ ముల్లు ఊగుతూనే ఉంటుంది. వైబ్రాటో లేని స్వరం వెతకండి. మెండెల్సన్‌లో మొదటి మూవ్‌మెంట్ ముగియగానే బసూన్ (మంద్రంగా పలికే ఊదే వాద్యం) ఒక్కటే బి పట్టుకుంటుంది, అది చక్కగా పనికొస్తుంది. బ్రూఖ్ జి మైనర్ కాన్చెర్టోలో సొలోయిస్టు మొదటి స్వరం ఖాళీ జి తీగ. ఎ నుంచి శుద్ధ పంచమాలతో శృతి చేసిన వయొలిన్‌లో ఆ జి దాదాపు 4 సెంట్లు తక్కువే ఉంటుంది, దాన్ని తప్పుగా లెక్కించకండి.

మామూలు ఎ=440 కంటే 8 సెంట్లు ఎక్కువంటే ఆర్కెస్ట్రా ఎ=442 హెర్ట్జ్‌కు, 12 అయితే 443కు శృతి చేసుకుంది. మీ ట్యూనర్‌లో రిఫరెన్స్ మార్చుకోండి, ఫైలు జోలికి పోవద్దు.

సుమారు 100 తక్కువంటే బరోక్ శృతి, ఎ=415. వివాల్డి "వసంతం" ఇ మేజర్ కాస్తా ఇ ఫ్లాట్‌లా వినిపిస్తుంది. కలిసి వాయించాలంటే టెంపో కదలకుండా పిచ్ మాత్రమే 101 సెంట్లు పెంచండి.

సుమారు 147 తక్కువ, పైగా 10 నిమిషాల మూవ్‌మెంట్ 10:53 పడుతోందా? 48 కిలోహెర్ట్జ్ ఫైలును 44.1గా వాయిస్తున్నారు. శాంపుల్ రేటు సరిచేస్తే చాలు, పిచ్ ఎఫెక్ట్ వాడితే నిడివి తప్పుగానే మిగిలిపోతుంది.

71 ఎక్కువంటే సెకనుకు 24 ఫ్రేముల వీడియోను 25కు పరుగెత్తించి ఉంటారు. 30, 50 లాంటి అడ్డదిడ్డం అంకెలొస్తే టర్న్‌టేబుల్‌ను చూడండి. పాత 78 (నిమిషానికి 78 చుట్లు తిరిగే) డిస్కులన్నీ కచ్చితంగా ఆ వేగంతోనే కోసినవి కావు. ఈ రెండింటికీ వేగం, పిచ్ కలిపి మార్చే ఎఫెక్ట్ వాడాలి: 50 సెంట్లు పెంచడానికి వేగం 2.93 శాతం, 100కు 5.95 శాతం పెంచాలి. 71 తగ్గించడానికి వేగం 4 శాతం తగ్గించాలి.

పగనీని మొదటి కాన్చెర్టో మాత్రం వేరే కథ. మామూలుగా డి మేజర్‌లో వినిపించేది ఒక రికార్డింగులో సరిగ్గా సెమిటోన్ పైన, ఇ ఫ్లాట్‌లో ఉంటే అది లోపం కాకపోవచ్చు. ఆయన ఆర్కెస్ట్రాకు ఇ ఫ్లాట్‌లో రాసి, సొలో భాగాన్ని డి మేజర్‌లో రాశాడు. సొలోయిస్టు నాలుగు తీగలనూ సెమిటోన్ బిగించుకుని వాయించాలి. దాన్ని డికి దించితే తీగలు బిగించి తెచ్చుకున్న ఆ మెరుపు కాస్తా పోతుంది.