రేడియేటర్ హోసు మూతికి అతుక్కుపోతే ఏం చేయాలి

అనంతపురంలో ఎండలు ముదిరాయంటే బానెట్లు తెరిచేది ఎక్కువగా రేడియేటర్ కోసమే. హోసు ఉబ్బిందనో, కారుతోందనో, థర్మోస్టాట్ మార్చాలనో పని మొదలుపెడతాం. క్లిప్ ఊడుతుంది, హోసు మాత్రం మూతిని, అంటే అది తొడిగి ఉండే గొట్టం కొసను, వదలదు. చాలామంది ఇక్కడే రెండు చేతులతో పట్టుకుని గుంజుతారు. తాడిపత్రికి బయల్దేరే తొందరలో ఒకసారి నేనూ అట్లే గుంజాను. హోసుతో పాటు రేడియేటర్ ప్లాస్టిక్ మూతి కూడా విరిగి చేతికొచ్చింది. వందల్లో అయ్యే పనికి వేలు పోశాను. అప్పటి నుంచి నా లెక్క ఒకటే: హోసు పోతే పోనీ, మూతి దక్కాలి.

చెయ్యి పెట్టే ముందు

ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. రేడియేటర్ మూత మీద 0.9 అనో 1.1 అనో అంకె ఉంటుంది. అది ఎన్ని బార్ల ఒత్తిడిని పట్టి ఉంచుతుందో ఆ అంకె చెబుతుంది. 1 బార్ అదనపు ఒత్తిడి మీద నీళ్లు దాదాపు 120 డిగ్రీల దాకా మరగవు. ఆ వేడిలో మూత తిప్పినా, హోసు వదులు చేసినా ఒత్తిడి ఒక్కసారిగా పోయి, నీళ్లు ఆవిరై మొహం మీదికి చిమ్ముతాయి. నేనైతే రాత్రంతా నిలిపిన బండి మీద పొద్దున్నే పని పెట్టుకుంటాను. బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. కొన్ని కార్లలో ఇంజిన్ ఆపి తాళంచెవి తీశాక కూడా ఫ్యాన్ తిరుగుతుంది.

కింద టబ్బు పెట్టి కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, దించండి. అందులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కానీ విషం. కాలువలో పారబోస్తే వీధి కుక్కలు, ఆవులు తాగుతాయి. దయచేసి ఆ పని చేయొద్దు.

సమస్య: క్లిప్పే రావడం లేదు

స్క్రూ క్లిప్ అయితే తలకాయ అరిగిపోవడమో, తుప్పు పట్టడమో కారణం. స్క్రూడ్రైవర్‌తో కుస్తీ పట్టకుండా 7 లేదా 8 ఎంఎం సాకెట్ వేసి చూడండి, చాలావరకు తిరుగుతుంది. అప్పటికీ రాకపోతే పట్టీని కత్తిరించేయండి, కొత్త క్లిప్ పెద్ద ఖర్చు కాదు. స్ప్రింగ్ క్లిప్ అయితే రెండు చెవులనూ ప్లయర్‌తో దగ్గరికి నొక్కి వెనక్కి జరపాలి. ప్లయర్ జారిందంటే క్లిప్ ఎగిరి వచ్చి తగులుతుంది, కళ్లకు అద్దాలు పెట్టుకోండి.

సమస్య: క్లిప్ వచ్చింది, హోసు గోరంత కూడా తిరగదు

ఎక్కువ మంది చిక్కుకునేది ఇక్కడే. కారణాలు మూడు. మొదటిది వేడి. ఏళ్ల తరబడి క్లిప్ బిగింపు కింద ఉడికిన రబ్బరు మూతి మీది ప్రతి గీతలోకీ దిగి కూర్చుంటుంది. రెండోది, మన ప్రాంతంలో మరీ ముఖ్యమైనది, నీళ్లు. కూలెంట్ తగ్గినప్పుడల్లా బోరు నీళ్లు పోసే అలవాటు ఇక్కడ చాలామందికి ఉంది. బకెట్‌లో వేసే హీటర్ రాడ్డు మీద తెల్లగా గట్టిగా పేరుకునే పొర చూశారు కదా, రేడియేటర్ లోపలా అదే పేరుకుంటుంది. దానికి తోడు ఆ నీళ్లలోని ఉప్పు అల్యూమినియం మూతిని తింటుంది. అలా పుట్టిన తెల్లని పొడి హోసుకూ మూతికీ మధ్య చేరి సిమెంటులా పట్టేస్తుంది. మూడో కారణం మనుషులు చేసేది. ఎప్పుడో కారితే ఎవరో హోసు లోపల గ్యాస్కెట్ గమ్ పూసి తొడిగి ఉంటారు. అంచు చుట్టూ ఎండిన గమ్ కనిపిస్తే ఇక తిప్పే ప్రయత్నం మానేయండి, నేరుగా కోతకు వెళ్లండి.

గమ్ లేకపోతే పరిష్కారం గుంజడంలో లేదు. నాకు పని నేర్పిన పెద్దాయన ఎప్పుడూ ఒకటే చెప్పేవాడు: "గుంజొద్దప్పా, ముందు లోపలికి తొయ్యి." వినడానికి తిరకాసుగా ఉన్నా అందులో అర్థం ఉంది. రబ్బరు గొట్టాన్ని పొడవుగా సాగదీస్తే సన్నబడుతుంది, అంటే మూతిని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. లోపలికి తోస్తే కొంచెం లావై పట్టు వదులుతుంది. పదును లేని నేలలో శనక్కాయ చెట్టు గుంజితే చెట్టు చేతికొస్తుంది, కాయలు నేలలోనే ఉండిపోతాయి. ఇక్కడా ముందు పట్టు వదిలించాలి, తర్వాతే లాగాలి.

హోసును మూతి దగ్గరే పట్టుకోండి, నడుమ కాదు. లోపలికి తోస్తూ కుడికి కొంచెం, ఎడమకు కొంచెం తిప్పండి. చేతి బలం చాలకపోతే పెద్ద ప్లయర్‌కు గుడ్డ చుట్టి హోసు చుట్టూ పట్టు దొరికేలా పట్టుకోండి. మూతి ప్లాస్టిక్‌దైతే మాత్రం చాలా మెల్లగా. పాత ప్లాస్టిక్ వేడికి పెళుసెక్కి ఉంటుంది, లోపల మూతి నలిగినా మీకు తెలియదు. వేడి నీళ్లలో ముంచిన గుడ్డను హోసు, మూతి కలిసే కీలు చుట్టూ కొన్ని నిమిషాలు ఉంచితే రబ్బరు మెత్తబడుతుంది. మంట చూపించొద్దు.

తిరగడం మొదలైందంటే సగం పని అయిపోయినట్టే.

సమస్య: తిరుగుతోంది, బయటికి మాత్రం రాదు

మూతి చివర చుట్టూ ఒక గట్టు ఉంటుంది. హోసు జారిపోకుండా దాన్ని పెట్టారు. రబ్బరు ఆ గట్టు వెనక దిగబడి ఉంటుంది. కొన వంచిన సన్నని కడ్డీ ఒకటి కావాలి. హోస్ పిక్ దొరికితే మంచిది, లేకపోతే పాత స్క్రూడ్రైవర్ కొన వంచి, అంచులు ఎమరీ పేపర్‌తో నున్నగా రుద్దుకోండి. దాన్ని హోసు అంచు కిందికి దూర్చి, చుట్టూ ఒక్క తిప్పు తిప్పుతూ నాలుగు చుక్కల సబ్బు నీళ్లు లోపలికి పోనివ్వండి. వేలికి బిగిసిన ఉంగరాన్ని సబ్బు రాసి తిప్పి తీస్తాం చూడండి, అదే పద్ధతి. కడ్డీని మూతి మీద ఆనించి మీటలా ఎత్తొద్దు. రేడియేటర్ మూతులు ఎక్కువగా విరిగేది ఆ ఎత్తుడుకే.

తుప్పు వదిలించే స్ప్రే కొట్టమని సలహా ఇస్తారు. పారేసే హోసుకైతే సరే. మళ్లీ వాడే హోసుకు వద్దు. కూలెంట్ హోసులు ఎక్కువగా ఈపీడీఎం అనే రకం రబ్బరువి. పెట్రోలియం నూనెలు, గ్రీజు తగిలితే ఆ రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది.

సమస్య: ఏం చేసినా కదలదు

అరగంట దాటిందంటే హోసు కోసేయండి. పాత హోసు మీద ప్రేమ పెట్టుకోవడం నష్టమే. కదలనంతగా పట్టేసిన హోసుకు లోపల పగుళ్లు వచ్చి ఉండొచ్చు, తీసి మళ్లీ తొడిగినా ఎక్కువ కాలం నిలవకపోవచ్చు. కొత్త హోసు చేతికి వచ్చాకే కోత పెట్టండి, ఆదివారం కోసి అంగళ్లు మూసున్నాయని బాధపడొద్దు.

మొదట మూతి అయిపోయిన చోటుకు కాస్త అవతల హోసును అడ్డంగా కోసి, మిగతాది తప్పించండి. మూతి మీద చిన్న తొడుగు మిగులుతుంది. దాన్ని పొడవునా కోయాలి, కానీ బ్లేడు మూతి దాకా పోకూడదు. రబ్బరు మధ్యలో దారాల అల్లిక తగులుతుంది, బ్లేడును ఏటవాలుగా పట్టి అది తెగేవరకే కోయండి. చివరి పలచని పొరను కడ్డీతో చీల్చి, అరటిపండు తొక్కలా ఒలిచేయండి. మూతి మీద పొడవునా గీత పడితే కూలెంట్‌కు అదే దారి అవుతుంది. పడితే సన్నని ఎమరీ పేపర్‌తో మూతి చుట్టూ తిరిగేలా రుద్దండి, నిలువుగా వద్దు.

సమస్య: హీటర్ పైపుల దగ్గర ఇరుక్కుంది

ఇక్కడ తిప్పడం వద్దు, వేడి గుడ్డ వద్దు, ఏదీ వద్దు. ఇంజిన్ వెనక గోడలోంచి వచ్చే ఆ రెండు సన్నని గొట్టాలు లోపల హీటర్ కోర్‌కు, అంటే కారు లోపల వెచ్చదనం ఇచ్చే చిన్న రేడియేటర్‌కు, అతికి ఉంటాయి. బలం పడి అక్కడ పగిలితే చాలా బండ్లలో డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాలి. మొదటి నిమిషం నుంచే కోత.

ఫ్యుయల్ హోసులకు పై పద్ధతులేవీ వాడొద్దు. వాటిలో ఒత్తిడి ఉంటుంది, ముందు అది దించాలి, పైగా చాలావాటికి నొక్కితే ఊడే ప్లాస్టిక్ తాళాలుంటాయి. ఏసీ గొట్టాల జోలికి అసలు పోవద్దు. వాక్యూమ్ హోసులు మెల్లగా తిప్పితే వస్తాయి.

మళ్లీ తొడిగేటప్పుడు

మూతి మీది తెల్లని పొడినంతా గీకి, చేత్తో తడిమి చూడండి. గోరు దిగేంత గుంతలుంటే కొత్త హోసు వేసినా కారుతుంది, ఆ భాగం మార్చుకోవాల్సిందే. గమ్ పూయొద్దు, గ్రీజు పూయొద్దు. కొంచెం కూలెంట్ తడి చాలు, హోసు జారుతూ లోపలికెళ్లి కూర్చుంటుంది. క్లిప్ గట్టుకు వెనక ఉండాలి, గట్టు మీద కాదు. రబ్బరు క్లిప్ సందుల్లోంచి ఉబికేదాకా బిగిస్తే, వచ్చేసారి ఇదే కుస్తీ మళ్లీ పడాలి.

నింపేటప్పుడు డిస్టిల్డ్ వాటర్ కలిపిన కూలెంట్, లేదా నేరుగా పోసుకునే రకం. లోపల చిక్కిన గాలి పోయేదాకా హీటర్‌ను పూర్తి వేడి మీద పెట్టి ఇంజిన్ ఐడిలింగ్‌లో నడపండి. మర్నాడు పొద్దున బండి చల్లగా ఉన్నప్పుడు మట్టం చూసి, కీలు కింద వేలు పెట్టి తడి ఉందేమో చూడండి. రెండు మూడు రోజులు తిరిగాక స్క్రూ క్లిప్‌ను ఇంకోసారి చూసి, వదులైతే పావు తిప్పు బిగించండి.