ఇసుక రేణువుల మధ్య ఖాళీని ఇంట్లోనే కొలవడం ఎలా?

మా ఇంటి స్లాబు రోజున కంకర కొలిచారు, ఇసుక కొలిచారు. రెండూ కలిపేసరికి కుప్ప తగ్గింది. సరుకు తక్కువ తోలారేమోనని నాకు ఒకటే టెన్షన్. మేస్త్రి నవ్వి, "ఇసుక కంకర సందుల్లోకి పోద్దండీ" అన్నాడు. మొత్తం ఘనపరిమాణంలో ఆ సందుల శాతమే సచ్ఛిద్రత.

1. కృష్ణ ఇసుకను కడిగి ఆరబెట్టండి. బెజవాడ ఎండకి డాబా మీద ఎంతసేపో పట్టదు. పూర్తిగా ఆరాలి, తడి ఉంటే లెక్క తప్పుతుంది. జల్లెడ పట్టి సన్నదుమ్ము, రాళ్లు తీసేయండి.

2. అర లీటరు కొలజాడీలో 200 మి.లీ. నీళ్లు పోయండి. విడిగా కొలిచిన 200 మి.లీ. ఇసుకను అందులో మెల్లగా పోసి, బుడగలు పోయేలా కలపండి. మొత్తం 400 ఉండాలి కదా? 320 దగ్గర ఆగిందనుకుందాం. లోటు 80 నీళ్లు సందుల్లో దూరాయి. 200లో 80, అంటే 40 శాతం.

3. ఇప్పుడు శనగగింజంత కంకరతో చేయండి. రాళ్లు పెద్దవి కాబట్టి ఖాళీ చాలా ఎక్కువ వస్తుందనుకుంటాం. రాదు, ఇంచుమించు అంతే! ఒకే సైజు గోళీలను వదులుగా, ఒకదాని నెత్తిన ఒకటి పేరిస్తే ఖాళీ 48 శాతం, బాగా బిగించి పేరిస్తే 26. గోళీ చిన్నదా పెద్దదా అన్నదానితో పని లేదు.

4. రెండు గ్లాసుల కంకరలో ఒక గ్లాసు ఇసుక కలిపి, అందులోంచి 200 మి.లీ. కొలిచి పరీక్షించండి. శాతం బాగా పడిపోతుంది. అందుకే అలలు ఇంచుమించు ఒకే సైజుకు జల్లించిన బీచ్ ఇసుకలో ఖాళీ ఎక్కువ, వరద కలగాపులగంగా తెచ్చి పోసిన మేటలో తక్కువ.

5. పొడి ఇసుక పోసిన గ్లాసును బల్ల మీద తట్టండి. మట్టం కొంచెం దిగుతుంది. భూమిలో పూడుకుపోయినప్పుడు మొదట జరిగేది ఇదే.

ఆ తర్వాతి కథ జాడీలో చూపించలేం. గుంటూరు యార్డులో అట్టడుగు మిర్చి టిక్కీ (బస్తా) ఎలా నలుగుతుందో చూశారుగా? బురద అలాంటిది. కొత్తగా పేరుకున్నప్పుడు సగానికి పైగా నీళ్లే. పైన బరువు పడేకొద్దీ నీళ్లు కారిపోయి త్వరగా అణుగుతుంది. ఇసుక మొండిది, నెమ్మదిగా లొంగుతుంది. కిలోమీటర్ల లోతుకి వెళ్లాక రేణువులు ఒకదాన్నొకటి ఒత్తుకుంటాయి, నీటిలో కరిగిన ఖనిజాలు సందుల్లో సిమెంటులా పేరుకుంటాయి. 40 శాతం కాస్తా 20కో, ఇంకా కిందకో దిగవచ్చు. చమురు, గ్యాస్ నిలిచేది ఆ సందుల్లోనే; అందుకే కేజీ (కృష్ణా-గోదావరి) బేసిన్‌లో వాటి కోసం తవ్వేవాళ్లకు కావలసింది ఇంత ఒత్తిడిలోనూ సందులు మిగుల్చుకున్న ఇసుకరాయి.

అన్నట్టు, ఆ ఇసుకనీళ్లు సింకులో పోయకండి. మొక్కల మొదట్లో పోస్తే సరి.